దారుఋణము

హైదరాబాదునుండి వరంగల్లు పోవు రహదారిపై జనగామ సమీపముననున్న పెంబర్తి గ్రామములో, ఇత్తడి రేకుపై దేవతామూర్తులను, లతలను, హంసలను ఉబ్బెత్తుగా తీర్చు విశ్వకర్మల యిండ్లలో తరతరములుగా సాగుచున్న పనులలో ధ్వజస్తంభమునకు తొడుగు వేయుట యొకటి. తొఱ్ఱ లేనిది, వంకర పోనిది, నడుమ పగులు లేనిది, నిండుగా చేవదేరినది అగు మ్రానును అడవిలో వెదకి, అధికారుల అనుమతి పొంది, నేలకు దించి, బండిపై ఊరు చేర్చినపుడు గ్రామస్థులు మేళతాళములతో ఎదురేగి, బిందెలతో నీళ్లారబోసి, పసుపు కుంకుమలతో అర్చించి, ఆలయప్రాంగణమునకు తోడ్కొని పోవుదురు. అటుపిమ్మట వంతు లోహకారునిది. అతడు రేకును నిప్పులపై కాల్చి మెత్తబఱచి, లక్క పఱచిన పలకపై అదిమి, వెనుకవైపునుండి చిన్న చిన్న ఉలులతో పోటు వేసి రూపములను లేపి, ఆ రేకులను మొదలునుండి కొనవఱకు మ్రానుచుట్టును బిగించును. బిగించిన క్షణమునుండి ఆ కట్టె చారలను గాని, రంగును గాని చూచు కన్ను లోకములో లేదు. 2010లో భౌగోళిక గుర్తింపు పొందిన ఈ చేతిపనిని మెచ్చుకొనుచు స్తంభమునకు ప్రదక్షిణము చేయువారిలో నూటికి తొంబదిమందికి లోపల నున్నది ఏ చెట్టో తెలియదు, తెలిసికొనవలెనని తోచదు.

ఇది పల్లెటూరి గుడులకే పరిమితమైన పద్ధతి కాదు. అయోధ్య రామాలయములో 2024 జనవరి 22న ప్రాణప్రతిష్ఠ జరిగినపుడు లోకమంతయు చూచిన బంగారు తలుపులు, హైదరాబాదు సంస్థ యొకటి బల్లార్షా అడవుల టేకుతో చేసియిచ్చినవి. ఆ అడవులను తడిపిన వార్ధానది నీరు ప్రాణహితయై, భూపాలపల్లి జిల్లాలోని కాళేశ్వరమునొద్ద గోదావరిలో కలియును గనుక, ఆ టేకు మనకు పరాయిది కాదు. అచ్చటను అదే వరస: మేలైన కట్టె లోపల, మెఱయు లోహము వెలుపల.

అట్టి మ్రానే మఱియొక దారి పట్టి, కోతమిల్లు చేరి, పలకలై, పట్టణములోని ఫర్నిచరు దుకాణమునకు పోయినచో దాని యోగము వేఱు. అచ్చట చిత్రిక పట్టి, గరుకు కాగితముతో రుద్ది, పూతపై పూతగా పాలిషు పెట్టి, కట్టె కడుపులోని చారలనన్నింటిని వెలికి రప్పించుటయే పనివాని నేర్పు. టేకునకు బంగారుచాయ, ఇరుగుడుకట్టెకు నలుపు కలిసిన ఊదాచాయ, మహాగనికి ఎఱుపు తిరిగిన గోధుమవన్నె; వీనిని చూపి ధర చెప్పుదురు, వీనిని చూచి ధర నిత్తురు. కొన్నవాడు చుట్టములను పిలిచి ఆ సోఫాపై కూర్చుండబెట్టి, చేతితో తడవి చూడుడని బలవంతము చేయును. ఈ గృహస్థుని గూర్చియే నాకొక ధర్మసందేహము. సుందరమును, బహుమూల్యమును అగు వస్తువును ఇంటనుంచుకొని అనుభవించుట ఆత్మసాధనకు ప్రతిబంధకమా? దేవుని పేర కప్పిన కట్టె పుణ్యమును, మనుష్యుని కొఱకు విప్పిన కట్టె బంధమును అగునా?

వైరాగ్యము బోధించువారు ఈ ప్రశ్నకు తడుముకొనక సమాధానము చెప్పుదురు: మట్టియు బంగారమును సమానముగా చూడుమనియు, చాపయు హంసతూలికాతల్పమును ఒక్కటేయనియు. చెప్పుచున్న పెద్దలు కూర్చున్న సింహాసనము తఱచుగా శుద్ధమైన టేకుదై యుండును. అది వారి తప్పు కాదు, శిష్యుల భక్తి. దుకాణదారు సమాధానమును అంత సులువైనదే: ఇల్లు లక్ష్మీనివాసమనియు, అలంకారము మంగళకరమనియు. ఈ రెండు సమాధానములలోను నాకు లోటుగా కనబడునది యేమనగా, ఇద్దఱును కూర్చున్నవాని మనస్సును గూర్చియే మాటలాడుదురు; కుర్చీని గూర్చి మాటలాడరు. అది యెక్కడనుండి వచ్చినది, ఎవరు నఱికిరి, ఎవరు చెక్కిరి, ఎవరికేమి ముట్టినది అను విషయములు వేదాంతమునకు వెలుపలివని వారి తలంపు.

మన పూర్వులు అట్లు తలంపలేదు. 6వ శతాబ్దివాడగు వరాహమిహిరుడు రచించిన బృహత్సంహితలో శయ్యలకును ఆసనములకును ప్రత్యేకముగా ఒక అధ్యాయము కలదు. చందనము, దేవదారువు, శాకమనబడు టేకు, శింశుప మొదలగు వృక్షములను మంచములకు ప్రశస్తములని పేర్కొని, పిడుగు పడి గాని, గాలికి గాని, ఏనుగు తాకిడికి గాని కూలిన చెట్టును, తేనెపట్టులకును పక్షిగూళ్లకును నెలవైన చెట్టును కూడదని అందు నిషేధించినాడు. ప్రతిమాదారువు కొఱకు అడవి ప్రవేశించు విధిని తెలుపు అధ్యాయము వేఱొకటి కలదు. నఱుకుటకు ముందటి రాత్రి ఆ చెట్టును పూజించి, బలులర్పించి, దానినాశ్రయించుకొని యున్న భూతములను మఱియొక నివాసము చూచుకొనుడని వేడుకొని, మఱునాడు గాని గొడ్డలి యెత్తరాదట. దీనిని మూఢవిశ్వాసమని త్రోసివేయువారు వేయవచ్చును. కాని జ్యోతిషమును, శకునములను పక్కకు పెట్టి చూచినచో మిగులు విషయ మొకటున్నది. మంచము చేయించుకొనదలచినవాడు చెట్టువద్దకు పోయి నిలువవలెను; దానిలో ఎవరు కాపురమున్నారో చూడవలెను; వారినడుగవలెను. విలాసమును ఆ గ్రంథము నిషేధింపలేదు, దానికి మర్యాద విధించినది.

ఆ మర్యాదనే నేను ఋణమను పేర పిలుచుచున్నాను. మనుష్యుడు పుట్టుకతోనే దేవతలకును, ఋషులకును, పితరులకును ఋణపడియున్నాడని శ్రుతి. ఆ లెక్కను ఇంటిలోని కుర్చీవఱకు పొడిగించుట అపచారము కాదనుకొందును. నూరేండ్ల చెట్టుతో చేసిన మంచము నలుబదియేండ్లవానికి సొత్తెట్లగును? చెట్టు వయస్సులో సగము వయస్సైనను లేనివాడు దానిని నాదియనుట కొంత నవ్వు పుట్టించు మాటయే. అతడు చెల్లించిన వెల దుకాణమునకు చెల్లినది. అడవికి, అడవిలోని వారికి, ఉలి పట్టిన చేతికి చెల్లవలసినది చెల్లినదా లేదా అనునది వేఱు పద్దు.

మహాగని కథ ఈ పద్దును విప్పి చూపును. ఆ వృక్షము వరాహమిహిరుని పట్టికలో లేదు, ఉండుటకు వీలును లేదు. దాని జన్మభూమి కరీబియను దీవులును, మధ్య అమెరికాయును. బ్రిటిషు ప్రభుత్వము 1721లో తన అమెరికా వలసలనుండి వచ్చు కలపపై సుంకము తొలగించినపుడు జమైకా మహాగని లండను రేవులలో గుట్టలు పడెను; 1754లో చిప్పెండేల్ అను వడ్రంగి తన నమూనాలను గ్రంథముగా అచ్చొత్తించునాటికి ఆ ఎఱ్ఱకట్టె కుర్చీ లేని పెద్దమనుష్యుని ఇల్లు ఇంగ్లండులో పెద్దమనుష్యుని ఇల్లు గానట్లే. ఆ చెట్లను వెదకి, నఱికి, నదులలో తేల్చి తెచ్చినవారు ఆఫ్రికానుండి కొనితెచ్చిన బానిసలు. నేటికిని బెలీజు దేశపు పతాకమున మహాగని చెట్టును, దాని ముంగిట గొడ్డలియు తెడ్డును పట్టి నిలిచిన ఇద్దఱు శ్రామికులును కనబడుదురు. ఆ కుర్చీలలో కూర్చుండి ఆ కాలపు తత్త్వవేత్తలు స్వాతంత్ర్యమును గూర్చి చర్చించుకొనిరి. 1795లో కలకత్తా వృక్షోద్యానమునకు వచ్చిన ఆ వృక్షము మెల్లమెల్లగా దేశమంతయు వ్యాపించినది. నేడు మన జిల్లాల చెలకలలోను దాని మొక్కలు నాటిన రైతును కోటీశ్వరుని చేయుదుమని చెప్పు వ్యాపారులు తిరుగుచున్నారు. చెట్టు పెరుగును, సందేహము లేదు. కోట్ల సంగతి చెట్టునకు తెలియదు.

పరదేశపు పాపమును చదివి నిట్టూర్చుట సులభము. జనగామ ప్రాంతమునకు ఇట్టి కథ పరాయిది కాదు. దొరల గడీలలో చేతులు చాచినను కౌగిలికందని టేకు స్తంభములు, చిలుకలు చెక్కిన దర్వాజలు, ఊయలమంచములు ఉండెడివి. వానికి ఉలి పట్టినవారిలో ఎందరికి కూలి ముట్టినది? వెట్టి యను ఆచారము వడ్లవానిని, కమ్మరిని, కుమ్మరిని, చాకలిని ఒక్క కబురుతో పనిముట్లతోసహా గడీ ముంగిట నిలువబెట్టెడిది. ఆ బరువే తుదకు తిరుగుబాటైనది. 1946 జులై 4న విస్నూరు దేశముఖు మనుష్యుల కాల్పులలో కడవెండి గ్రామమున దొడ్డి కొమరయ్య నేలకొరిగినాడు. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ తన పంటను దొరకు దక్కనీయక నిలిచినది. ఈనాడు పాడువడిన గడీల తలుపులను పట్టణములవారు మంచి ధరలకు కొనిపోయి అతిథిగృహములకు అమర్చుకొనుచున్నారు, పనితనమును మెచ్చుకొనుచున్నారు. మెచ్చుకొనవలసినదే. చెక్కిన చిలుక అందముగనే యున్నది; అది అందముగా నుండుట చెక్కినవాని ఘనత, చెక్కించినవాని పద్దులోనిది కాదు.

ఇచ్చట ఒక పెద్ద సందు మనవారు కనిపెట్టినారు. అన్యాయముగా వచ్చినదానిని దేవుని కర్పించినచో శుద్ధియగునను నమ్మకము. వెట్టిచాకిరితో కట్టిన గడీ యజమానియే వాహనము చేయించి గుడికిచ్చును; ఊరు జేజేలు కొట్టును. నా మట్టుకు నేను దీనిని అంగీకరింపజాలను. దేవుని యెదుట కట్టెను కప్పవచ్చును గాని లెక్కను కప్పరాదు. ఇది నా కొత్తమాట కాదు. పాలకుర్తివాడేయగు పాల్కురికి సోమనాథుడు బసవపురాణములో మోళిగ మారయ్య కథను చెప్పినాడు. అడవిలో కట్టెలు కొట్టి, మోపు నెత్తికెత్తుకొని అమ్మి, ఆ వచ్చినదానితో జంగములకు అన్నము పెట్టుటయే అతని వ్రతము. అంతటి బసవన్న, రాజ్యమున దండనాయకుడు, అతని పేదఱికము చూడలేక రహస్యముగా ఆ యింట ధనముంచి పోయినను మారయ్య దానిని తన కొఱకు నిలుపుకొనలేదు. తన భుజము నొప్పిపెట్టని సొమ్ముతో పెట్టిన అన్నము శివునికెట్లు ముట్టునని అతని పట్టుదల. దేశిద్విపదలో సోమనాథుడు గానము చేసిన ఆ భక్తులలో మాదిగలు, చాకలివారు, కుమ్మరులు, కట్టెలవారు పెక్కుమంది యుండుట యాదృచ్ఛికము కాదు. వారి చేతిపనియే వారి పూజ. కనుకనే ఆ పని వెల యెగవేయుట పూజాద్రవ్యమును అపహరించుటతో సమానము.

ఆ పాలకుర్తికి చేరువనే బమ్మెర. పోతనామాత్యుని ఇంటిపేరు ఈ గ్రామమునకు సంబంధించినదే యని ఇచ్చటివారి దృఢవిశ్వాసము. శ్రీనాథుడు పల్లకిలో పోతనను చూడవచ్చిన కథ తెలుగునాట తెలియనివారుండరు: ఒకవైపు బోయీలను తప్పించినను పల్లకి కదలినదట, పోతన కుమారుడు ఒకవైపు ఎద్దును విప్పినను నాగలి సాగినదట. పల్లకియు కట్టెయే, నాగలియు కట్టెయే. రాజభోగముపై కృషీవలుని విజయముగా ఈ గాథను మనము చెప్పుకొందుము. నాకు మాత్రము పల్లకి దించి పక్కన నిలిచిన బోయీలు గుర్తునకు వత్తురు. ఆ మహాకవుల పందెము పుణ్యమా యని వారికి కొంతసేపైనను భుజము తెఱపి దొరకియుండును. గాథ వారినంతటితో మఱచినది.

విలాసవస్తువును వదలుకొన్నంతమాత్రమున వైరాగ్యమగునా యను మఱియొక చిక్కును ఈ సందర్భముననే చూడవలెను. ధనమునకు దానము, భోగము, నాశము అను మూడు గతులు కలవని భర్తృహరి. ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీ ఖాను భోగమునకు ప్రసిద్ధుడు. ఆయనకు చెందిన ఫలక్‌నుమా మహలులో 101 మంది ఒక్క పంక్తిని కూర్చుండి భుజింపగల బల్ల నేటికిని కలదు. ఆయన కుమారుడు ఏడవ నిజాము ఉస్మాన్ అలీ ఖాను లోకములోకెల్ల ధనవంతుడని 1937లో టైమ్ పత్రిక ముఖచిత్రమున కెక్కినవాడు. ఆయన వేషము, శయ్య మాత్రము అతిసామాన్యములు. తండ్రి బూటులో దొరకిన మహావజ్రమును కాగితములపై బరువుగా వాడుకొన్నాడు. చూచినవారికి ఈయన విరాగి వలెను, తండ్రి భోగి వలెను తోతురు. బల్లముందు 101 మందిని కూర్చుండబెట్టినవానికంటె, పెట్టెలకు తాళము వేసి చాపపై పండుకొన్నవాడు ముక్తికి దగ్గఱ యని నేను చెప్పలేను. అనుభవింపకుండుట వేఱు, అంటకుండుట వేఱు. వాడని కుర్చీకి ముసుగు వేసి, పండుగకు గాని తీయని ఇల్లాలును మన మధ్యతరగతిలో ఉన్నది. ఆ కుర్చీ ఆమెను అనుభవించుచున్నది గాని ఆమె కుర్చీని కాదు.

దేవుడు తన వఱకు కట్టె విషయమున ఏమి చేసినాడు? పూరీ జగన్నాథుడు దారుబ్రహ్మము. సర్వలోకనాథునికి చందనము దొరకదా, ఇరుగుడు దొరకదా? ఆయన మేను వేపకట్టె. అదియైనను శాశ్వతము కాదు; అధికాషాఢము వచ్చిన యేడు పాతమేనిని భూమిలో పూడ్చి కొత్తమేను తాల్చును. 1996లోను, 2015లోను అట్లు జరిగినది. ఆ పనిని చేయువారు శబరుల వంశీయులమని చెప్పుకొను దైతాపతులు. ఇటు 2019లో ములుగు జిల్లా వేఱుపడువఱకు భూపాలపల్లి జిల్లాలోనిదే యైన మేడారములో, రెండేండ్లకొకమాఱు లక్షోపలక్షల జనము దర్శించు సమ్మక్కకు ఆ కట్టె విగ్రహమైనను లేదు. చిలకలగుట్టనుండి కోయపూజారులు కొనివచ్చునది కుంకుమభరిణె, వెదురు. అమ్మవారికి సమర్పించు బంగారము బెల్లము. చుట్టును దేశమునకెల్ల పేరొందిన టేకు అడవి. ఆ టేకు నీడన పుట్టిన కోయవాని యిల్లు వెదురుదడికి మట్టి మెత్తి నిలిపినది. అతడా టేకును నఱికినచో నేరము, కొన్నవాని ఇంట అదే గౌరవము. అమ్మవారు టేకు పీఠము కోరలేదన్న సంగతిని వేదాంతముగా వ్యాఖ్యానించుటకు ముందు, ఆమె బిడ్డలకు టేకు అందుబాటులో లేదన్న సంగతిని తలచుకొనుట మేలు. బలవంతపు పేదఱికమును అపరిగ్రహమని పొగడుట పొగడువానికి సుఖము.

శాశ్వతత్వమును కోరి మేలుకట్టె కొనువారు భూపాలపల్లికి పోయి చూడదగినది మఱియొకటి కలదు. సింగరేణివారి కాకతీయ గనులలోనుండి వచ్చు నల్లబొగ్గు 25 కోట్ల యేండ్లకు పైబడిన అడవి. అదియును ఒకప్పుడు పచ్చగా నిలిచినదే, గాలికి ఊగినదే. ఇప్పుడు అది చెల్పూరులోని విద్యుత్కేంద్రమున కాలి, ఆ విద్యుత్తు వచ్చి, పాలిషు పెట్టిన మన బల్లమీది దీపమును వెలిగించుచున్నది. పైని టేకు, క్రింద బొగ్గు. రెండింటిని అమ్ముకొనుచున్నవారము మనమే. భర్తృహరి చెప్పిన నాశమను మూడవ గతి కట్టెకు ఇంత నిదానముగ, ఇంత ఉపయోగకరముగ వచ్చుచుండగా మనుష్యుని సొత్తునకు మాత్రము రెండు తరములు తిరుగకమునుపే, అన్నదమ్ముల పంపకములలో వచ్చుచున్నది.

కనుక నా సందేహమునకు నాకు తోచిన సమాధానమిది: సుందరమైన కుర్చీలో కూర్చుండుట బంధము కాదు, దాని పద్దు తీరకుండ కూర్చుండుట బంధము. పద్దు తీరినవాడు టేకు మంచముపై పండుకొని నిశ్చింతగా నిద్రపోవచ్చును. తీరనివాడు దానిని గుడికిచ్చినను, చాపపై పండుకొన్నను ఋణస్థుడే. నఱికిన చెట్టునకు మాఱుగా చెట్టు పెంచుట, అడవిలోని వారికి అడవిలో హక్కు నిలుపుట, ఈ రెండును ఒక్క గృహస్థునిచేత నగునవి కావు. ప్రభుత్వములు చేయవలెను, అవి చేయునట్లు మనము అడుగవలెను. 2006 అటవీహక్కుల చట్టము కాగితముపై ఇచ్చినదానిని నేలపై కూడ ఇచ్చుట ఇంకను ముగియని పని.

ఒక్కడు చేయగలిగినదియు ఒకటి కలదు. మన యీ జిల్లాలలో ఇల్లు కట్టువాడెంత పేదయైనను, లోపలి దర్వాజలు వేపకట్టెవైనను, సింహద్వారమునకు టేకే కావలెనని పట్టుబట్టును. దర్వాజ నిలబెట్టు దినమున కట్టెకు పసుపు పూసి, కుంకుమబొట్లు పెట్టి, నవధాన్యములు మూటగట్టి, మామిడాకులు కట్టి, వడ్లాయనకు కొత్త బట్టలు పెట్టి దండము పెట్టుదురు. మిక్కిలి మంచి ఆచారము. ఇల్లు కట్టదలచిన పాఠకులకు నా విన్నప మొక్కటే: ఆ బట్టల ఖరీదును అతని కూలిలో తగ్గింపకుడు.